బరువైన పటం మీద తేలికగా కదిలే చుక్క: ఇంటరాక్టివ్ ప్లాట్‌ను చురుగ్గా మార్చే పద్ధతి

పటం మీద ఉన్న చుక్కను మౌస్‌తో పట్టుకుని లాగుతారు. బాణం గుర్తు భీమిలి దాటిపోయినా చుక్క ఇంకా గంగవరం దగ్గరే ఉంటుంది. కాసేపు మొరాయించి, ఒక్క గెంతులో వచ్చి పక్కన నిలబడుతుంది. కంప్యూటర్ పాతదైపోయిందనో, పైథాన్ అంటేనే నత్తనడక అనో అక్కడే తేల్చేయకండి. చాలాసార్లు తప్పు ఆ రెండింటిదీ కాదు. చుక్క ఒక్క పిక్సెల్ కదిలినప్పుడల్లా దాని వెనకున్న సముద్రం, తీరం, జిల్లాల సరిహద్దులు, ఊళ్ల పేర్లు అన్నీ మొదటి నుంచి మళ్లీ గీయబడుతున్నాయి. కదలనిదాన్ని గీయకుండా ఆపడమే ఇక్కడ మనం చేయబోయే పని. మిగతా కిటుకులన్నీ దాని చుట్టూ తిరిగేవే.

ఉదాహరణకి పైథాన్‌లో పటాలూ గ్రాఫులూ గీసే లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను తీసుకుంటున్నాను. ఇంజనీరింగ్ ప్రాజెక్టుల్లోనూ పరిశోధనల్లోనూ మనవాళ్లు ఎక్కువగా వాడేది అదే. ఫంక్షన్ల పేర్లు తెలుగు అక్షరాల్లోనే రాస్తాను. టైప్ చేసేటప్పుడు ఫంక్షన్ల పేర్లలో మాటల మధ్య ఖాళీ ఉన్నచోట అండర్‌స్కోర్ పెట్టుకోండి. లైన్ కలెక్షన్ లాంటి క్లాసుల పేర్లను కలిపి రాయాలి, ఆక్స్ బీబాక్స్ లాంటి చోట మధ్యన చుక్క పెట్టాలి, 'అప్పర్ రైట్' లాంటి విలువల్లో ఖాళీని అలాగే ఉంచాలి.

మనం తీసుకునే పటం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను అండమాన్ వైపు నుంచి వచ్చి విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ దారిని చూపించే పటం గీస్తున్నామనుకోండి. రేఖాంశం 80 నుంచి 94 డిగ్రీలు, అక్షాంశం 11 నుంచి 21 డిగ్రీలు. నేపథ్యంలో సముద్రపు లోతు రంగుల్లో, దాని మీద సమలోతు గీతలు, తీరరేఖ, సరిహద్దులు, ఊళ్ల పేర్లు. ముందు పొరలో కదిలేవి నాలుగే: తుపాను కేంద్రాన్ని సూచించే చుక్క, దాని చుట్టూ 100 కిలోమీటర్ల వలయం, చుక్క నుంచి విశాఖకు ఒక గీత, దూరం చూపించే అక్షరాలు.

లోతు వివరాలకు ప్రపంచ సముద్రాల లోతులిచ్చే జెబ్కో గ్రిడ్ వాడితే గడికీ గడికీ మధ్య 15 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను) ఉంటుంది. అంటే డిగ్రీకి 240 గడులు. మన పటానికి 3,360 నిలువు వరసలు, 2,400 అడ్డ వరసలు కావాలి. మొత్తం 80,64,000 గడులు. పటం కనిపించే చోటు 1200×800 పిక్సెళ్లయితే అక్కడున్నవి 9,60,000 పిక్సెళ్లే. ఒక్కో పిక్సెల్ వెనక ఎనిమిదికి పైగా గడులు దాక్కుని ఉన్నాయన్నమాట. చుక్క కదిలిన ప్రతిసారీ ఆ ఎనభై లక్షల గడులకూ రంగులు వేయించడం శుద్ధ దండగ.

ఒక చిన్న సంగతి. విశాఖ అక్షాంశం దగ్గర అక్షాంశ డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు, రేఖాంశ డిగ్రీ సుమారు 106 కిలోమీటర్లు. కాబట్టి డిగ్రీల పటం మీద 100 కిలోమీటర్ల వలయం అచ్చమైన వృత్తం కాదు, అడ్డంగా కొంచెం సాగిన దీర్ఘవృత్తం. వేగం గురించి రాస్తున్నప్పుడు ఇది ఎందుకంటారా? చురుగ్గా కదులుతూ తప్పుడు దూరం చూపించే పటం మరీ ప్రమాదం.

మొదటి మెట్టు: ఏది బరువో కొలవండి

ఊహతో మొదలుపెట్టకండి. టైమ్ మాడ్యూల్‌లోని పెర్ఫ్ కౌంటర్‌తో, క్యాన్వాస్ మీద డ్రా పిలుపుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సమయం తీసుకోండి. మొదటిసారి గీసేటప్పుడు ఫాంట్లు వెతకడం లాంటి అదనపు పనులుంటాయి కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టి, తర్వాత వచ్చేవి చూడండి.

ఏది మంచి అంకె? సెకనుకు 60 సార్లు మారే తెర మీద ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు. లాగుడు పనికి 30, 40 మిల్లీసెకన్లయినా చేతికి హాయిగానే ఉంటుందని నా అభిప్రాయం. 100 దాటిందంటే మాత్రం చెయ్యి ఒకచోట, చుక్క ఒకచోట అన్నట్టు అనిపిస్తుంది.

తర్వాత ఒక్కో పొరనూ సెట్ విజిబుల్‌తో దాచేసి మళ్లీ కొలవండి. ముందు లోతు రంగులు, తర్వాత సమలోతు గీతలు, ఆపైన తీరం. ఏ పొర దాచినప్పుడు సమయం ధడాలున పడిపోతుందో అదే అసలు దొంగ. ఎవరూ అనుమానించని దొంగలు కూడా కొందరున్నారు. లెజెండ్‌కు చోటు 'బెస్ట్' అని వదిలేస్తే, గీసిన ప్రతిసారీ ఖాళీ ఎక్కడుందో డేటా అంతా వెతుకుతుంది. 'అప్పర్ రైట్' అనో ఇంకొకటో ఖాయంగా చెప్పేయండి. కన్‌స్ట్రెయిన్డ్ లేఅవుట్ కూడా ప్రతి డ్రాలోనూ కొలతలు మళ్లీ వేస్తుంది. మొదటిసారి సర్దుకున్నాక లేఅవుట్ ఇంజన్‌ను 'నన్' చేసేస్తే సరి.

గీయడాన్ని వేరుగా, లెక్క కట్టడాన్ని వేరుగా కొలవండి. మౌస్ కదిలినప్పుడు పిలిచే ఫంక్షన్‌లోనే ఫైలు తెరిచి చదివే ప్రోగ్రాములున్నాయి. పటాన్ని ఎంత తేలిక చేసినా వాటికి ఫలితం ఉండదు.

ఇక మీ బాధ ఏ రకానిదో తేల్చుకోవాలి. నేపథ్యం కదలకుండా ముందు పొర మాత్రమే కదిలేది ఒక రకం. పటాన్నే జరపడం, జూమ్ చేయడం రెండో రకం. స్లైడర్ తిప్పితే నేపథ్యమే మారిపోయేది మూడోది. మొదటి రకానికి బ్రహ్మాస్త్రంలా పనిచేసే మందు మిగతా రెండింటికీ దాదాపు పనికిరాదు. ఈ తేడా చూసుకోకుండా దొరికిన కోడ్‌ను అతికించి, ఫలితం లేదని విసుక్కునేవాళ్లే ఎక్కువ.

రెండో మెట్టు: నేపథ్యం బరువు దించండి

ఏ రకమైనా ఈ మెట్టు తప్పదు.

గడులన్నీ సమాన దూరంలో ఉన్న గ్రిడ్‌కు పీకలర్‌మెష్ అక్కర్లేదు. అది ఒక్కో గడినీ ఒక్కో చతుర్భుజంగా గీస్తుంది. ఐఎంషో అయితే మొత్తాన్నీ ఒక బొమ్మగా భావించి తెర కొలతకు తగ్గిస్తుంది. తేడా కంటికే తెలుస్తుంది. వంకర గ్రిడ్లకు, దూరాలు సమానంగా లేని గ్రిడ్లకు పీకలర్‌మెష్ ఉంచుకోండి.

ఐఎంషోకి మారేటప్పుడు మూడు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, అది బొమ్మలో మొదటి వరసను పైన పెడుతుంది. జెబ్కో ఫైల్లో మొదటి వరస దక్షిణం కొస. ఆరిజిన్‌ను 'లోయర్' అని చెప్పకపోతే పటం తలకిందులై, భీమిలి గాజువాకకు దక్షిణాన తేలుతుంది. రెండు, ఎక్స్‌టెంట్‌లో ఇవ్వాల్సింది బొమ్మ అంచులు, గడుల నడిబిందువులు కావు. ఫైల్లో ఉండేవి నడిబిందువులు. వాటినే అంచులుగా ఇచ్చేస్తే కొసల దగ్గర సగం గడి, అంటే 7.5 ఆర్క్‌సెకన్లు, నేల మీద సుమారు 230 మీటర్లు తేడా వస్తుంది. పెద్ద పటంలో ఎవరికీ కనపడదు గానీ, హార్బర్ దాకా జూమ్ చేస్తే పడవలు గట్టెక్కుతాయి. మూడు, ఐఎంషో నిలువు అడ్డాల నిష్పత్తిని సమానం చేసేస్తుంది. ఆస్పెక్ట్ మీరే ఇవ్వండి. మన పటం నడిమి అక్షాంశం 16 డిగ్రీలకు అది సుమారు 1.04.

ఇప్పుడు గడులు తగ్గిద్దాం. రెండు దిశల్లోనూ మూడేసి గడులను ఒకటి చేస్తే 1,120×800, అంటే 8,96,000 గడులు మిగులుతాయి. మన 1200×800 పిక్సెళ్ల చోటుకు సరిగ్గా సరిపోయింది. అయితే ఎలా ఒకటి చేస్తారన్నది ముఖ్యం. మూడింట్లో ఒకటి ఏరుకోవడం తేలిక, కానీ సన్నని లంకలు, సముద్రగర్భ లోయలు కొన్ని ఎగిరిపోతాయి. సగటు తీసుకోవడం మేలు, కానీ తీరం దగ్గర అది మోసం చేస్తుంది. నేల ఎత్తు ధన సంఖ్య, సముద్రపు లోతు రుణ సంఖ్య. రెండూ కలిపి సగటు తీస్తే సున్నాకు దగ్గరగా వచ్చి, లేని మెరక ఒకటి తీరం పొడుగునా పుడుతుంది. నేల గడులను మాస్క్ చేసి, సముద్రపు గడులకు మాత్రమే సగటు తీయండి. నేలను వేరే పొరగా పైన వేసుకోవచ్చు.

ఇంకో అడుగు వేయాలంటే, అంకెలను రంగులుగా మార్చే పనిని కూడా ముందే ముగించేయండి. కలర్‌మ్యాప్‌ను ఒకసారి వర్తింపజేసి, ఎనిమిది బిట్ల ఆర్‌జీబీఏ బొమ్మగా దాచుకుంటే 8,96,000 గడులకు అయ్యేది 36 లక్షల బైట్ల లోపే. ఆ తర్వాత ఐఎంషో చేయాల్సింది కొలత మార్చడం ఒక్కటే. ఇందులో రెండు నష్టాలు. కలర్‌బార్‌కు ఆధారం పోతుంది కాబట్టి దానికి విడిగా, ఏ అంకెకు ఏ రంగో చెప్పే ఒక స్కేలర్ మ్యాపబుల్ తయారుచేసి ఇవ్వాలి. మౌస్ పెట్టినచోట కింద లోతు బదులు రంగు అంకెలు కనిపిస్తాయి కాబట్టి అసలు గ్రిడ్‌ను చేతిలో ఉంచుకుని లోతును మీరే వెతికి చూపించాలి.

తీరరేఖ సంగతి. ఈ పటంలో ఒక పిక్సెల్ సుమారు 1.3 కిలోమీటర్లు. డాల్ఫిన్ నోస్ కొండ మొత్తం కొద్ది పిక్సెళ్లకు మించదు. పది మీటర్లకో బిందువుతో వచ్చే తీరం ఫైలును యథాతథంగా గీయడంలో అర్థం లేదు. డగ్లస్-ప్యూకర్ పద్ధతితో, అర పిక్సెల్‌కు సరిపడే సడలింపు ఇచ్చి బిందువులు తగ్గించండి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ తనంతట తానే గీతలను సరళం చేస్తుంది కదా అంటారేమో. నిజమే, కానీ అది రంగు నింపని గీతలకే. రంగు నింపిన నేల బహుభుజికి ఆ సరళీకరణ వర్తించదు. కోయాల్సిన బిందువులన్నీ మీరే కోయాలి.

వందల సరిహద్దు గీతలుంటే ఒక్కోదానికీ ప్లాట్ పిలవకుండా అన్నిటినీ ఒకే లైన్ కలెక్షన్‌లో పెట్టండి. ఒకే రంగు, ఒకే సైజు చుక్కలు వేలల్లో ఉంటే స్కాటర్ కన్నా ప్లాట్ వేగం.

ఇక్కడ చాలామంది నమ్మే ఒక మాట ఉంది: రాస్టరైజ్డ్ అని పెడితే వేగం వస్తుందని. రాదు. అది పీడీఎఫ్, ఎస్‌వీజీ ఫైళ్లుగా సేవ్ చేసేటప్పుడు పనికొచ్చేది. తెర మీద ఆగ్ అనే ఇంజన్ గీసేదంతా ఎలాగూ పిక్సెళ్లే.

నేపథ్యం మరీ బరువైతే, అంటే కొండల నీడలు, పారదర్శక పొరలు, వందల కాంటూర్లు ఉంటే, మొత్తాన్నీ కలిపి ఒకే బొమ్మగా వండేయొచ్చు. అంచులు లేని వేరే ఫిగర్‌లో, ఆక్సిస్‌ను మొత్తం పరచి, గీతలూ అంకెలూ లేకుండా గీయించండి. బఫర్ ఆర్‌జీబీఏతో పిక్సెళ్లు తీసుకుని అసలు పటంలో ఐఎంషోతో పరచండి. ఈ బొమ్మలో మొదటి వరస పైన ఉంటుంది కాబట్టి దీనికి ఆరిజిన్ 'అప్పర్'. ఒకే ప్రోగ్రాములో ఒకదానికి లోయర్, ఇంకొకదానికి అప్పర్ అన్నమాట. పక్కన కామెంట్ రాసుకోండి. ఊళ్ల పేర్లను మాత్రం ఇందులో కలపకండి. జూమ్ చేయగానే అక్షరాలు అలుక్కుపోతాయి. అవి విడిగా టెక్స్ట్‌గానే ఉండాలి.

మూడో మెట్టు: గీసిన నేపథ్యాన్ని దాచి, మళ్లీ పరచడం

సురభి నాటకంలో కోట తెర దించాక ఆ రంగం అయ్యేదాకా అది అలాగే ఉంటుంది. పాత్రధారి అడుగు వేసినప్పుడల్లా ఎవరూ కోటను మళ్లీ గీయరు. బ్లిటింగ్ అంటే అంతే. గీసిన పటం పిక్సెళ్లను మెమరీలో దాచి, కదలిక వచ్చినప్పుడు వాటిని తిరిగి పరచి, పైన కదిలే నాలుగింటిని మాత్రమే గీయడం.

చేయాల్సిన వరస ఇది.

1. చుక్క, వలయం, గీత, అక్షరాలు నాలుగింటికీ సెట్ యానిమేటెడ్ ట్రూ అని పెట్టండి. దాంతో మామూలు డ్రాలో అవి పక్కకు తప్పుకుంటాయి. నేపథ్యం శుభ్రంగా వస్తుంది.

2. డ్రా ఈవెంట్‌కు ఒక ఫంక్షన్ తగిలించండి. పటం పూర్తిగా గీయబడ్డ ప్రతిసారీ ఇది నడుస్తుంది. ఇందులో క్యాన్వాస్ మీది కాపీ ఫ్రమ్ బీబాక్స్‌తో పిక్సెళ్లు దాచుకోండి, వెంటనే నాలుగు వస్తువులనూ డ్రా ఆర్టిస్ట్‌తో గీయండి. ఈ ఫంక్షన్ లోపల పొరపాటున కూడా క్యాన్వాస్ డ్రా పిలవకండి. డ్రా వల్ల ఈవెంట్, ఈవెంట్ వల్ల డ్రా, అలా అంతులేకుండా తిరుగుతుంది.

3. మౌస్ కదలిక ఈవెంట్‌లో ముందు మౌస్ ఆక్సిస్ లోపల ఉందో లేదో, టూల్‌బార్‌లో జూమ్ బటన్ నొక్కి ఉందో చూసుకోండి. తర్వాత కొత్త స్థానాలు పెట్టండి. పాత గీతను తీసేసి కొత్తది గీయడం కాదు, ఉన్నదానికే సెట్ డేటా. ఒక్క చుక్కయినా సరే విలువలను జాబితాలో పెట్టి ఇవ్వాలి.

4. రీస్టోర్ రీజియన్‌తో దాచిన పిక్సెళ్లు పరచండి, నాలుగింటినీ గీయండి, చివర్న బ్లిట్ పిలవండి.

ఇంతే. మౌస్‌తో పాటు అడ్డం నిలువు గీతలు కదిలే కర్సర్, పెట్టెలా ఎంచుకునే రెక్టాంగిల్ సెలెక్టర్ లాంటివి చాలనుకుంటే ఇదంతా రాయనక్కర్లేదు. వాటికి యూజ్‌బ్లిట్ ట్రూ అని ఇస్తే లోపల ఇదే పని జరుగుతుంది.

అంతా సరిగ్గా రాసినా చుక్క కదలకుండా చచ్చినట్టు పడి ఉంటే, ఈవెంట్ తగిలించిన ఆబ్జెక్ట్‌ను ఎక్కడైనా వేరియబుల్‌లో పట్టుకున్నారో లేదో చూడండి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఈవెంట్ ఫంక్షన్లను గట్టిగా పట్టుకోదు. క్లాస్‌లోని మెథడ్‌ను తగిలించి ఆ ఆబ్జెక్ట్‌ను గాలికి వదిలేస్తే, పైథాన్ దాన్ని చెత్తలో వేసేస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ఈ ఒక్క సంగతి తెలియక సాయంత్రాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

దాచిన బొమ్మ ఎప్పుడు పనికిరాకుండా పోతుంది

బ్లిటింగ్‌లో కష్టమంతా ఇక్కడే. కిటికీ సైజు మారినా, జూమ్ చేసినా, పటం జరిపినా, డీపీఐ (అంగుళానికి పిక్సెళ్ల సంఖ్య) మారినా దాచిన పిక్సెళ్లు పాతబడిపోతాయి. పైన చెప్పినట్టు డ్రా ఈవెంట్‌లోనే దాచుకుంటే వీటిలో చాలావరకు అదే చూసుకుంటుంది, ఎందుకంటే ఇవన్నీ పూర్తి డ్రాకు దారితీస్తాయి. సమలోతు గీతలు చూపించు, దాచు అనే చెక్‌బాక్స్ మీరే పెడితే, దాని ఫంక్షన్‌లో పొరను మార్చి డ్రా ఐడిల్ పిలవండి చాలు. చుక్కను మీరు విడిగా గీయనక్కర్లేదు. పిక్సెళ్లను ప్రోగ్రాము మొదట్లో ఒకేసారి దాచుకుని అదే చివరిదాకా వాడే కోడ్ ఎక్కడైనా కనిపిస్తే, అది జూమ్ చేయగానే పాత పటాన్ని కొత్తదాని మీద పరుస్తుందని తెలుసుకోండి.

ఫైలుగా సేవ్ చేసేటప్పుడు కూడా డ్రా ఈవెంట్ వస్తుంది, అదీ వేరే డీపీఐతో. ఆ సమయంలో క్యాన్వాస్‌ను ఈజ్ సేవింగ్ అని అడిగి, అవునంటే ఏమీ చేయకుండా వెనక్కి వచ్చేయండి. యానిమేటెడ్ వస్తువులు సేవ్ చేసిన ఫైల్లోకి ఎలాగూ వస్తాయి.

చుక్క వెళ్లిన దారిలో మరకలు మిగిలిపోతున్నాయా? దాచిన చోటు కన్నా గీసిన చోటు పెద్దదన్నమాట. ఆక్స్ బీబాక్స్, అంటే ప్లాట్ పెట్టె మాత్రమే దాచి, దూరాన్ని టైటిల్‌లో చూపిస్తే, టైటిల్ ఆ పెట్టెకు బయట ఉంటుంది. పాత అంకె మీద కొత్త అంకె పడి గజిబిజి అవుతుంది. పెట్టె అంచుల దగ్గర పిక్సెల్ మందాన గీతలు మిగలడం కూడా ఇలాంటిదే. నా సలహా: మొత్తం ఫిగర్ బీబాక్స్ దాచేయండి. 1200×800 ఫిగర్‌కు అది 38,40,000 బైట్లు. ఆ మాత్రం కాపీ ఈ కాలపు కంప్యూటర్లకు లెక్కలోది కాదు. ఒకే ఫిగర్‌లో పది ప్లాట్లు ఉన్నప్పుడు మాత్రమే ముక్కలుగా దాచే శ్రమ తీసుకోండి.

పొరల వరస గురించి ఒక మాట. దాచిన బొమ్మ ఎప్పుడూ అడుగున, కదిలేవి ఎప్పుడూ పైన. వలయం సముద్రం మీద కనిపించి నేల కిందికి దూరిపోవాలని మీరు కోరుకుంటే, పొరల వరస నిర్ణయించే జడ్‌ఆర్డర్ మీ మాట వినదు. అప్పుడు నేల బహుభుజిని కూడా యానిమేటెడ్ చేసి, వలయం తర్వాత గీయాలి. బిందువులు తగ్గించిన నేల అయితే పర్వాలేదు. లేకపోతే దించిన బరువు మళ్లీ నెత్తికెక్కుతుంది. అంత అవసరమా అని ఒకసారి ఆలోచించుకోండి.

నాలుగో మెట్టు: ఈవెంట్ల వరద

మామూలు యూఎస్‌బీ మౌస్ సెకనుకు 125 సార్లు కబురు పంపుతుంది, అంటే 8 మిల్లీసెకన్లకోటి. మీ ఫంక్షన్ 20 మిల్లీసెకన్లు తీసుకుంటే సెకనుకు 50 కబుర్లే తీరతాయి. మిగతావి వరసలో నిలబడే వ్యవస్థ అయితే చెయ్యి ఆపేశాక కూడా చుక్క తాపీగా పాత దారంతా నడుచుకుంటూ వస్తుంది.

మందు: కదలిక ఫంక్షన్‌లో గీయకండి. తాజా స్థానాన్ని ఒక వేరియబుల్‌లో రాసి వచ్చేయండి. క్యాన్వాస్ న్యూ టైమర్‌తో 30 మిల్లీసెకన్లకోసారి నడిచే టైమర్ పెట్టి, స్థానం మారిందో లేదో చూసి, మారితేనే గీయించండి. మధ్యలో వచ్చిన కబుర్లు పోయినా ఎవరికీ నష్టం లేదు. ఎవరైనా చూసేది చివరి స్థానాన్నే. పూర్తి డ్రా కావాల్సినచోట కూడా డ్రా కన్నా డ్రా ఐడిల్ మంచిది. అది వరసగా వచ్చిన విన్నపాలను ఒక్కటి చేసి, తీరిక దొరికినప్పుడు ఒకసారి గీస్తుంది. ఈవెంట్ ఫంక్షన్లలో పాజ్ పిలవడం మాత్రం మానుకోండి. అది లోపల మళ్లీ ఈవెంట్లను నడిపి, ఒక కదలిక మధ్యలో ఇంకో కదలికను దూరుస్తుంది.

వలయంలో ఏయే మండలాలు పడతాయో చూపించాలనుకుందాం. ఆ లెక్కను ప్రతి కదలికకూ చేయకండి. లాగుతున్నంతసేపూ వలయం చాలు. బటన్ వదిలినప్పుడు జాబితా వేయండి. లాగుతుండగానే కావాలంటే, ఆకారాల లెక్కలు చేసే షేప్లీ లైబ్రరీలోని ఎస్‌టీఆర్‌ట్రీ లాంటి సూచికతో ముందు దగ్గరివాటిని ఏరుకుని, వాటికే అసలు పరీక్ష పెట్టండి.

పటాన్నే జరిపితే

ఇక్కడ బ్లిటింగ్ చేతులెత్తేస్తుంది. ప్రతి జరుగుడుకూ నేపథ్యం మారుతుంది కాబట్టి దాచుకున్నదంతా వృథా. తెరకు సరిపడా డేటా మాత్రమే ఇవ్వడం ఒక్కటే దారి.

లెక్క చూడండి. మొత్తం పటంలో 80 లక్షల గడులున్నా, విశాఖ చుట్టూ ఒక డిగ్రీ చదరానికి జూమ్ చేస్తే కనిపించేవి 240×240, అంటే 57,600 గడులే. అంటే దగ్గరికి వెళ్లినప్పుడు పూర్తి వివరం ఇచ్చినా భారం లేదు. దూరం నుంచి చూసినప్పుడే గడులు కలపాలి. కనుక మూడు మట్టాలు ముందే తయారుచేసి ఉంచుకోండి: అసలు గ్రిడ్, మూడేసి కలిపినది, తొమ్మిదేసి కలిపినది. ఎక్స్‌లిమ్ ఛేంజ్డ్, వైలిమ్ ఛేంజ్డ్ కబుర్లు వచ్చినప్పుడు, కనిపించే మేర ఎన్ని గడులున్నాయో చూసి, పిక్సెళ్ల సంఖ్యకు దగ్గరగా ఉన్న మట్టం నుంచి ఆ ముక్కనే కోసి, సెట్ డేటా, సెట్ ఎక్స్‌టెంట్‌తో బొమ్మలో పెట్టండి. ముక్కను అన్ని వైపులా కాస్త ఎక్కువే కోస్తే చిన్న జరుగుళ్లకు కొత్త ముక్క అక్కర్లేదు. వెబ్ పటాలు 256×256 పిక్సెళ్ల పలకలతో చేసేది ఇదే.

ఆటోస్కేల్ ఆపేయడం మరవకండి. అది పనిచేస్తుంటే సెట్ ఎక్స్‌టెంట్ ఆక్సిస్ హద్దులను మారుస్తుంది, హద్దులు మారితే మళ్లీ కబురు వస్తుంది. జరుపుతున్నంతసేపూ ముతక మట్టం చూపించి, చెయ్యి ఆగిన 200 మిల్లీసెకన్లకు నాణ్యమైనది తేవడం కూడా బాగుంటుంది. కదిలేటప్పుడు కన్ను వివరం వెతకదు.

స్లైడర్‌తో నేపథ్యమే మారితే

గంట గంటకూ గాలి వేగం మారే పటం అనుకోండి. ప్రతి గంటకూ కాంటూర్లు అప్పటికప్పుడు కట్టించకుండా ముందే బొమ్మలుగా వండిపెట్టుకోండి. 1200×800 బొమ్మ 38.4 లక్షల బైట్లు, 72 గంటలకు దాదాపు 27.6 కోట్ల బైట్లు, అంటే 276 ఎంబీ. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో సర్దుకుంటుంది. అరగంటకోటి, రెండు రకాల పటాలు అంటూ పెంచుకుంటూ పోతే జీబీ దాటేస్తుంది. అప్పుడు ఇటీవల చూసినవాటినే ఉంచే చిన్న నిల్వ చాలు. ముందే వండలేని లెక్క అయితే, స్లైడర్ తిప్పుతున్నంతసేపూ ముతక గ్రిడ్, వదిలాక పూర్తి గ్రిడ్.

బ్రౌజర్‌లో

సూత్రం అదే, పని ఇంకా తేలిక. రెండు క్యాన్వాసులను ఒకదాని మీద ఒకటి పరచండి: అడుగున పటం, పైన పారదర్శకంగా చుక్కా వలయం. కదలికలో పైదాన్ని మాత్రమే తుడిచి గీయాలి, అదీ రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్ లోపల (జావాస్క్రిప్ట్‌లో ఈ పేరును అండర్‌స్కోర్ లేకుండా కలిపి రాస్తారు). ఎస్‌వీజీలో ప్రతి సరిహద్దు గీతా బ్రౌజర్ మోయాల్సిన ఒక మూలకం అవుతుంది. కాబట్టి నేపథ్యం క్యాన్వాస్‌లో, మౌస్‌తో పట్టుకునే కొద్ది వస్తువులు ఎస్‌వీజీలో ఉంచుకోవడం మంచి సర్దుబాటు. ప్లాట్లీ అనే గ్రాఫుల లైబ్రరీ వాడేవాళ్లు వేల చుక్కలకు స్కాటర్‌జీఎల్ తీసుకోండి. నేపథ్యాన్ని లేఅవుట్‌లో బొమ్మగా ఇవ్వండి.

ఎక్కడ నడిపి చూడాలి

జూపిటర్ నోట్‌బుక్‌లో ఇన్‌లైన్ బ్యాకెండ్ ఇచ్చేది నిశ్చల చిత్రం. అందులో మౌస్ ఈవెంట్లే రావు. విడ్జెట్ బ్యాకెండ్ పెట్టుకోవాలి. అక్కడ గీసిన పిక్సెళ్లు బ్రౌజర్ దాకా ప్రయాణం చేయాలి కాబట్టి, సర్వర్ దూరంగా ఉంటే బ్లిటింగ్ మిగిల్చిన సమయాన్ని నెట్‌వర్క్ తినేస్తుంది. ఫిగర్ సైజు తగ్గించడం, టైమర్‌ను 30 నుంచి 60, 80 మిల్లీసెకన్లకు పెంచడం అక్కడ ఎక్కువ ఉపయోగం. అంతా బాగుందని తేల్చేముందు రెండు పరీక్షలు పెట్టండి. చుక్కను కాస్త లాగి, కిటికీ సైజు మార్చి, మళ్లీ లాగండి. తర్వాత కిటికీని ల్యాప్‌టాప్ తెర మీంచి బయటి మానిటర్‌కు లేదా ప్రొజెక్టర్‌కు జరపండి. రెండు తెరల పిక్సెల్ సాంద్రత వేరైతే, దాచిన బొమ్మ కొత్తగా తీసుకోబడిందో లేదో అక్కడే బయటపడుతుంది.